క్రొత్త గిటారుతో తొమ్మిది నెలలు



నేడు నేను ఒక వాద్యమును గూర్చి మాటలాడదలచితిని. వాద్యమనగానే వీణెయో, ఫిడేలో, హార్మోనియమో మీ మనసునకు తోచును. ఇది గిటారు. గిటారును మీరు చలనచిత్రములలో చూచియే యుందురు. నడుము నొక్కుకొనిపోయిన పెట్టె, దాని ముందుపలకకు నడుమ నొక గుండ్రని రంధ్రము, పొడుగైన మెడ, ఆరు తీగెలు. నేను కొన్నది ఆ జాతిలోనిదే గాని అచ్చముగా ఆ రూపము కాదు. దీని ముందుపలక చదునుగా నుండదు. ఫిడేలు పలకవలె నడుమ ఉబ్బి అంచులకు వంగి యుండును. గుండ్రని రంధ్రమునకు మారుగా ఇరుప్రక్కల ఫిడేలునకున్నట్లే రెండు వంకర చీలికలుండును. దీనిని ఆర్చ్‌టాప్ గిటారు అందురు. మనము వంపు పలక గిటారని చెప్పుకొనవచ్చును. గత మాఘమాసమున హైదరాబాదునుండి పరిగి మీదుగా వచ్చు బస్సులో ఒడిలో పెట్టుకొని దీనిని బొంరాస్‌పేటకు తెచ్చితిని.

తెచ్చిననాడు మా అరుగుమీద చేరినవారు వేసిన మొదటి ప్రశ్న, "సారూ, ఇది వీణెనా, ఫిడేలా?" అని. రెండవది దీని వెల. మూడవది, "ఈ వయసుల దీనితోని ఏం జేస్తరు?" అని. వెల చెప్పలేదు, ఇప్పుడును చెప్పను. మూడవ ప్రశ్నకు మాత్రము సమాధానము చెప్పవలసియున్నది.

మా వీధి గుడిలో శనివారపు భజన ఎన్నియో యేండ్లుగా జరుగుచున్నది. హార్మోనియము వాయించు పెద్దాయన కాలము చేసిన పిదప శ్రుతి చెప్పు వాద్యము లేక పోయినది. డోలు ఉన్నది, తాళములున్నవి, చిడతలున్నవి. గొంతు పట్టుకొనుటకు ఆధారము లేదు. పల్లవి ఒక శ్రుతిలో నెత్తుకొని చరణము ముగియుసరికి వేఱొక శ్రుతికి చేరుచుంటిమి. ఒక్కొక్కరే మానుకొనిరి. ఇరువది మంది కూర్చుండు చోట ఏడెనిమిదిమంది మిగిలిరి. హార్మోనియమే మరల కొనరాదా యని మీరడుగుదురు. కొనవచ్చును, వాయించువా డేడీ? నాకు చదువుకొను నాళ్లలో హైదరాబాదున ఆరు తీగెల గిటారుతో కొంత సావాసము కలదు. హార్మోనియము మీద నా వ్రేళ్లు నడువవు. సామాన్యమైన గిటారో, డోలు మొదలిడగానే వినబడకుండ పోవును. వంపు పలక గిటారు బాకాల నడుమను డోళ్ల నడుమను వినబడుట కొఱకే పుట్టినదని చదివియుంటిని. ఆ యొక్క గుణము కొఱకు దీనిని కొంటిని.

ఆ పుట్టుక కథను ముందు చెప్పుదును. అమెరికా దేశమున మిచిగన్ రాష్ట్రములో కలమజూ అను పట్టణమున ఆర్విల్ గిబ్సన్ అనువాడు మాండొలిను పలకలను ఫిడేలు పలకలవలె దళసరి కొయ్యనుండి తొలిచి వంపు తీర్చి చేయసాగెను. ఆ పనికి 1898లో హక్కుపత్రము పొందెను. 1902లో ఆయన పేర ఒక కంపెనీ వెలసెను. ఆ కంపెనీలో లాయిడ్ లోర్ అను సంగీతజ్ఞుడు చేరి, 1922 ప్రాంతమున ఎల్-5 అను గిటారును రూపొందించెను. ఫిడేలు చీలికలు గిటారునకు వచ్చినది దానితోనే. అప్పుడు ఆ దేశమున జాజ్ అను క్రొత్త సంగీతము నల్లజాతివారి నడుమ పుట్టి ఎల్లెడల వ్యాపించుచుండెను. పెక్కుమంది బాకాలూదు మేళములో మైకు సాయము లేక గిటారు వినబడవలెను. చదును పలక దానికి చాలదు. వంపు పలక చాలినది. న్యూయార్కు నగరమున 1932 మొదలు 1964లో మరణించువరకు జాన్ డి ఆంజెలికో అను శిల్పి ఇట్టి గిటారులను వెయ్యికి పైగా చేసెను. నా గిటారు అంతటిది కాదు. తొలిచిన పలక గల వాద్యముల వెల నావంటివానికి అందదు. నాది పలుచని పొరలను అతికి, అచ్చులో నొక్కి, వంపు దెచ్చిన పలక. నాదము కొంత తక్కువైనను మన యెండలకు వానలకు ఇట్టి పొరల పలకయే ఓర్చుకొనునని నా యభిప్రాయము.

మీరు వినుచున్నారే గాని చూచుటలేదు గనుక, మీ యెఱుకలో నున్న వాద్యములతో పోల్చి చెప్పెదను. మన పాలమూరు ప్రాంతపు కిన్నెరను మీలో పలువురు చూచియుందురు. వెదురు దండి, దాని క్రింద ఎండిన సొరకాయ బుఱ్ఱలు, దండిమీద మెట్లు. ఆ పండ్రెండు మెట్ల కిన్నెరను నిలిపినందుకే అవుసలికుంట దర్శనం మొగులయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చినది. మనకు ఇంకను దగ్గరివారు దామరగిద్ద దాసరి కొండప్పగారు. బుఱ్ఱవీణ వాయించుచు 2024లో అదే బిరుదమును పొందిరి. గిటారునకును దండి కలదు, మెట్లు కలవు, బిరడలు కలవు. బుఱ్ఱలకు మారుగా కొయ్యపెట్టె. వీణె మెట్లను మైనములో నిలుపుదురు గనుక మైనము కరగించి స్వరము సరిచేసికొనవచ్చును. గిటారు మెట్లు లోహపు తీగెముక్కలు. దండిలో గాడి తీసి దిగగొట్టినవి. కదలవు. చేసినవాడు ఎచ్చట నిలిపెనో అచ్చటనే స్వరము.

తీగెల శ్రుతి వింతగా నుండును. అన్నిటికంటె లావైన తీగెను షడ్జమనుకొన్నచో దాని ప్రక్క తీగె శుద్ధమధ్యమము పలుకును. ఆ తీగెను మరల షడ్జమనుకొన్న తరువాతిది దానికి మధ్యమము. ఇట్లు మెట్లెక్కినట్లు పోవును. ఒక్కచోట మాత్రము, మూడవ తీగెకును రెండవ తీగెకును నడుమ, మధ్యమము గాక అంతరగాంధారపు దూరముండును. చేయి పట్టులకు అనువుగా నుండునని ఇట్లు చేసిరి. వీణె చేయి గలవానికి మొదట ఇదియే తికమక.

ఇక ఈ వాద్యమున ముఖ్యమైన మర్మము చెప్పెదను. తీగెలు పలకమీద ఆనుచోటను గుఱ్ఱమందుము గదా. సామాన్యపు గిటారులో గుఱ్ఱమును పలకకు బంకతో అతికింతురు. ఇందులో అతికింపరు. గుఱ్ఱము పలకమీద ఊరకే నిలుచుండును. తీగెలు దానిమీదుగా పోయి, క్రిందికొనను బిగించిన లోహపు పట్టెడలో చిక్కుకొనును. అది వీణె నాగపాశమువంటిది. ఆరు తీగెల బిగువు కలిసి డెబ్బది కిలోలకు అటునిటుగా నుండును. ఆ బిగువే గుఱ్ఱమును అదిమి పట్టును. తీగెలు వదలిన గుఱ్ఱము పడిపోవును.

బస్సు కుదుపునకో మఱి దేనికో, ఇంటికి తెచ్చుసరికి గుఱ్ఱము ప్రక్కకు జరిగియుండెను. శ్రుతి చేసితిని. తీగెలు మీటిన సరిగానే యున్నవి. మెట్లమీద నొక్కిన అన్నియు హెచ్చు స్వరములు. వాద్యము చెడినదేమో యని మా యింటివారు దిగులుపడిరి. మా వీధి వడ్లాయన వచ్చి చూచి, "ఇది కదులుతుంటె పాట ఎట్ల నిలుస్తది సారూ? బంక పెట్టి కూసోబెడ్త" అనెను. ఆయన మాటలో న్యాయము లేకపోలేదు. కదలు గుఱ్ఱమును చూచిన ఏ వడ్రంగికైనను చేయి ఊరకుండదు. కాని గుఱ్ఱమును అతికింపకుండుట లోపము కాదు, దాని ఉపాయమే అది. ఎట్లనగా, పండ్రెండవ మెట్టు తీగె పొడవునకు సరిగా సగమున నుండవలెను. ఆ చోట తీగెను నొక్కక, వ్రేలిని తాకించియు తాకింపనట్లు పెట్టి మీటిన గంట నాదమువంటి స్వరము వచ్చును. అదే చోట మెట్టుమీద నొక్కి మీటవలెను. రెండును ఒక్కటే కావలెను. నొక్కిన స్వరము హెచ్చుగా నున్న గుఱ్ఱమును క్రిందికొన వైపునకు, తగ్గుగా నున్న మెడ వైపునకు, జొన్నగింజంత జరుపవలెను. లావు తీగెకు కొంచెము ఎక్కువ పొడవు కావలసి యుండును గనుక గుఱ్ఱము తుదకు రవ్వంత ఏటవాలుగా నిలుచును. తీగెల లావు మార్చిననాడు ఈ చోటును మారును. బంక పెట్టినచో ఒకనాటి చోటు ఎన్నటికిని నిలిచిపోవును.

ఇది విని వడ్లాయన తల యూపి, వంగి గుఱ్ఱము పాదముల వైపు చూచెను. నాకు కనబడనిది ఆయనకు కనబడినది. "చోటు సంగతి మీరు జూసుకోండ్రి. దీని కాళ్లు మాత్రం నేలకు ఆనలె" అని, ఒక పలుచని కాగితమును పాదము క్రిందికి తోసెను. కాగితము సగమువఱకు పోయినది. పలక వంపు ఒకటి, పాదము వంపు మఱియొకటి. వాద్యముతోడి పుస్తకమున ఈ మాట లేదు. గరుకు కాగితమును గరుకువైపు పైకి వచ్చునట్లు పలకమీద పఱచి, గుఱ్ఱమును దానిపై నిలిపి, ముందుకు వెనుకకు మెల్లగా రుద్దెను. పలక వంపే అచ్చుగా పాదములు అరగినవి. ఒక పూట పని. కాగితము ఏ వైపునుండియు దూరకుండ ఆనిన పిదప తీగెలు బిగించి మీటితిని. అంతవఱకు రేకు డబ్బాలో గులకరాయివలె మ్రోగిన లావు తీగె, అడుగు గలిగి మ్రోగినది. తీగె కదలికను పలకకు మోసికొనిపోవునది ఆ రెండు పాదములే. అవి ఆననిచోట నాదము దిగదు. కూలి ఇచ్చితిని గాని ఆయన తీసికొనలేదు. ఒక పాట వినిపించుమనెను.

అప్పటినుండి తీగెలు మార్చునప్పుడు ఆరింటిని ఒక్కమారు విప్పను. ఒకటి విప్పి ఒకటి కట్టుదును. గుఱ్ఱము తన చోట తాను నిలిచియుండును.

మాఘ ఫాల్గుణములు ఇట్లు గడచినవి. చైత్రము వచ్చినది. మన యెండలు మీకు చెప్పనక్కరలేదు; తాండూరు బండల నేల మధ్యాహ్నమునకు కాలు పెట్టనీయదు. వాన కాలమున మన తలుపులు ద్వారబంధములకు బిగిసి తెఱచుకొనవు. ఎండకాలమున సందు లిచ్చును. ఈ వాద్యమును కొయ్యయే గదా. గాలిలో తేమ నూటికి 45 మొదలు 55 వఱకు నుండుట వాద్యమునకు మేలని చేయువారు చెప్పుదురు. వైశాఖమున మన గాలిలో అందులో సగము కూడ నుండదు. మొదట మెట్ల కొనలు దండి అంచు దాటి చేతికి గీచుకొనుట మొదలిడినది. మెట్లు పెరుగలేదు, దండి కొయ్య కుంచించుకొన్నది. పిదప పలక రవ్వంత క్రుంగి తీగెలు మెట్లకు దగ్గరై, మీటినప్పుడెల్ల జుమ్మను శబ్దము. తుమ్మెద చొరబడినదా యని మా మనుమడు చీలికలలోనికి దీపము వేసి చూచెను.

దీనికి చేసినది రెండు పనులు. సబ్బుపెట్టెకు చిల్లులు పొడిచి, తడిపి పిండిన స్పంజిని అందులో పెట్టి, గిటారు పెట్టెలో మూత వేసి యుంచితిని. రెండు దినముల కొకమారు తడుపుట. గుఱ్ఱమునకు రెండు చిన్న చక్రములు గలవు; వానిని త్రిప్పి తీగెలను కొంచెమెత్తితిని. మెట్ల కొనలను మా యూరి అవుసలి తన సన్నని ఆకురాయితో ఒరసి నునుపు చేసెను. దండిలోపల ఒక ఇనుప కమ్మి కూడ నుండును. దానిని తాళపుచెవివంటి పనిముట్టుతో త్రిప్పిన దండి వంపు మారును. దాని జోలికి నేను పోలేదు. త్రిప్పవలసినను ఒక్కమారునకు పావుచుట్టు మించరాదు. ఒకనాడు ఆగి, కొయ్య కుదురుకొన్న పిదప మరల చూడవలెను.

మృగశిరకార్తెలో వానలు పడగానే అంతయు తలక్రిందులైనది. పలక నీరు త్రాగినట్లు ఉబ్బి తీగెలు ఎత్తుకు లేచినవి. మెట్లమీద నొక్కుటకు వ్రేళ్లు నొచ్చినవి. స్పంజిని తీసివేసితిని. చక్రములను ఏ వైపునకు ఎంత త్రిప్పితినో గోడ పంచాంగముపై తిథి ప్రక్కన వ్రాసికొనుచుంటిని గనుక మరల అంతే దింపితిని. ఆ పంచాంగమే ఇప్పుడు నాకు ఈ వాద్యపు జాతకము.

ఇంతవఱకు దేహమును గూర్చి చెప్పితిని. ఇక నాదము. భజనకు తీసికొనిపోవుటకు ముందే నన్ను బాధించిన సంగతి యొకటి కలదు. దీని నాదము నిలువదు. వీణె తీగెను మీటిన ఒక నిమేషము సాగును; ఆ సాగుటలోనే గమకమంతయు. ఈ గిటారు తీగె మీటగానే గట్టిగా పలికి వెంటనే అణగిపోవును. చదును పలక గిటారుకంటెను త్వరగా అణగును. తీగెను ప్రక్కకు లాగి గమకము తెత్తునన్న, చదునైన రేకు చుట్టిన ఈ లావు తీగెలు అరమెట్టునకు మించి లొంగవు. పైగా మెట్లు కదలనివి గనుక స్థాయిని పండ్రెండు సమభాగములు చేసిన స్వరములే పలుకును. దీని అంతరగాంధారము మన తంబురా చెవికి రవ్వంత హెచ్చు.

ఈ దోషములే హార్మోనియమునకును చెప్పిరి. గమకము పలుకదని, స్వరములు మన స్వరములు కావని 1940లో ఆకాశవాణి దానిని తన కచేరీలనుండి వెలివేసెను. 1971 వఱకు ఆ కట్టడి సడలలేదు. ఆ ముప్పది యేండ్లును పల్లెలలో భజనలు, నాటకములు, హరికథలు హార్మోనియముతోనే నడచినవి. పండితుల మాట తప్పని నేననను. రెండును నిజములే.

పరదేశపు తీగెవాద్యమును మనవారు దారికి తెచ్చిన కథలు లేకపోలేదు. ఫిడేలు రెండు వందల యేండ్ల క్రిందట బాలుస్వామి దీక్షితుల చేతికి వచ్చి మన కచేరీలో స్థిరపడినది. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి (1893–1964) ఫిడేలు విన్నవారు అది పరదేశపుదని తలచియుండరు. ఫిడేలునకు మెట్లు లేవు గనుక పని సులభమైనది. మెట్లు గల మాండొలినును పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్‌గారు కర్ణాటక సంగీతమునకు వంచిరి. జంట తీగెలు తీసివేసి, ఒంటి తీగెలు ఐదు కట్టి, విద్యుత్తు సాయముతో నాదమును సాగదీసిరి. 2014లో, నలుబదియైదేండ్లకే, వారు గతించిరి. ఈ వంపు పలక గిటారునే తీసికొన్నవారును కలరు. జోధ్‌పూరువాసి బ్రిజ్‌భూషణ్ కాబ్రాగారు (1937–2018) గిబ్సన్ కంపెనీవారి సూపర్ 400 అను పెద్ద గిటారును ఒడిలో పరుండబెట్టి, తీగెలను మెట్లకు అందనంత ఎత్తునకు లేపి, లోహపు కడ్డీని జార్చుచు హిందూస్థానీ రాగములు వాయించిరి. శివకుమార్ శర్మ, హరిప్రసాద్ చౌరాసియా గార్లతో కలిసి వారు 1967లో ఇచ్చిన కాల్ ఆఫ్ ది వ్యాలీ అను రికార్డు దేశమంతట ప్రసిద్ధము. జయపురపు విశ్వమోహన్ భట్‌గారు ఇట్టి గిటారునకే చికారీ తీగెలు, తరఫు తీగెలు చేర్చి మోహనవీణ యని పేరిడిరి. 1994లో వారికి గ్రామీ బహుమానము వచ్చినది.

కనుక నా ముందఱ రెండు దారులు నిలిచినవి. తీగెలెత్తి, కడ్డీ పట్టి, దీనిని వీణె వైపునకు మరల్చుట ఒకటి. ఇది దేని కొఱకు పుట్టినదో ఆ పనినే అడిగి చూచుట రెండవది. మొదటి దారికి కాబ్రాగారి సాధన కావలెను. నా ముందున్నది శనివారము. ఇంకొక సంగతి. మా భజనకు కావలసినది రాగము పాడు వాద్యము కాదు, పాడువారు మనుష్యులే. రెండవ దారినే పట్టితిని.

అందులకు నాకు గురువైనవాడు ఫ్రెడీ గ్రీన్ అను అమెరికా నల్లజాతి వాద్యగాడు. ఆయన కౌంట్ బేసీ అను నతని మేళములో 1937లో చేరి 1987లో మరణించువఱకు, ఏబది యేండ్లు, వంపు పలక గిటారు వాయించెను. విద్యుత్తు గిటారులు వచ్చిన పిదపను చాలమట్టుకు తన నాదమునకు విద్యుత్తు చేర్చుకొనలేదు. చార్లీ క్రిస్టియన్ అను యువకుడు 1939 మొదలుకొని విద్యుత్తు గిటారుతో బాకాలకు సమానముగా పాట పలికించి, ఇరువదియైదేండ్లకే 1942లో కన్నుమూసెను. కీర్తి అతనికి వచ్చినది. గ్రీన్ పాట పలికింపలేదు. ఆవృత్తమునకు నాలుగు దెబ్బలు, మరల నాలుగు దెబ్బలు, అంతే. ఆ రికార్డులు వినునప్పుడు గిటారు ప్రత్యేకముగా చెవిని పడదు. మేళమంతయు ఒక్క అడుగున నడచుచున్నట్లు మాత్రము తోచును. మన భజనలో తాళము పట్టుకొని కూర్చుండు ముసలాయన పని అదియే. వీణెకు ప్రక్కన మూడు తాళపు తీగెలుండును గదా. ఆ మూడు తీగెలే ఒక వాద్యమైనట్లు భావింపుడు. నాదము నిలువదని నేను కొఱతపడినది ఇచ్చట అక్కఱకు వచ్చినది. దెబ్బ దెబ్బకును నడుమ నాదము అణగినగాని తాళము తేటపడదు.

మా భజన రెండు శ్రుతికి కుదురును. గిటారు నాలుగవ తీగె ఊరక మీటిన అదే షడ్జము. ఐదవ తీగె మంద్ర పంచమము. మూడవ తీగెను రెండవ మెట్టున నొక్కిన పంచమము, రెండవ తీగెను మూడవ మెట్టున నొక్కిన పై షడ్జము. చివరి తీగెలు రెండును రిషభములు, వానిని తాకరాదు. రెండు వ్రేళ్లతో పని తీరును. షడ్జ పంచమములే గనుక గాంధారపు గొడవ లేదు, మోహనమైనను మధ్యమావతియైనను అడ్డులేదు. కుడి అరచేతి అంచుతో ప్రతి దెబ్బను అణచుట మాత్రము నేర్వవలసి వచ్చెను. ఎడమ వ్రేళ్ల కొనలు ఆషాఢమువఱకు నొచ్చి, పిదప కాయలు గాచినవి. గచ్చు లేని బండల గదిలో సాధన చేసిన నాదము కఱకుగా వినబడును. గోడకు గొంగడి వ్రేలగట్టిన పిదప నిజమైన నాదము వినబడినది.

శ్రావణమున మొదటి శనివారము తీసికొనిపోయితిని. పల్లవి ఎత్తు పెద్దాయన మొగమోటము లేనివాడు. పాట ముగియగానే, "సారూ, కట్టెలు కొట్టినట్లున్నది" అనెను. దెబ్బ ఎక్కువైనదని గ్రహించి రెండవ పాటకు తగ్గించితిని. డోలు వాయించు యువకుడు మూడవ పాటకు నా చేతివైపు చూచి వాయింపసాగెను. ఆనాటికి అంతే. రెండు వారములకు తరువాత ఒక కీర్తన నడుమ పెద్దాయన పాట నాపి, "దీంట్ల పంచమం కొట్టకు" అనెను. ఆయనకు రాగము పేరు తెలియదు, చెవి తెలియును. అది హిందోళము, పంచమము వర్జ్యము. మూడవ తీగెమీది వ్రేలెత్తితిని. ఆ తీగె ఊరక మ్రోగిన శుద్ధమధ్యమమే. ఐదవ తీగెను వదలి మిగిలిన మూడు తీగెలు మీటగా షడ్జము, మధ్యమము, షడ్జము. పెద్దాయన మరేమియు ననక పాట నెత్తుకొనెను. ఒక్క వ్రేలెత్తుటలో ఇంత సదుపాయమున్నదని ఆనాటివఱకు ఈ గిటారు నాకు చెప్పలేదు.

ఇప్పుడు కార్తీకము. భజనకు పదునలుగురు వచ్చుచున్నారు. తాళము నిలిచినది. శ్రుతి పూర్తిగా నిలువలేదు. నాదము సాగదు గనుక దీర్ఘమైన సాకీ పాడునప్పుడు గొంతులు ఇంకను జారుచున్నవి. అందులకు చిన్న శ్రుతిపెట్టె నొకదానిని ప్రక్కన పెట్టి చూచుచున్నాము. డోలు వాయించు యువకుడు పాఠశాల విడిచిన పిదప మా యింటికి వచ్చి రెండు వ్రేళ్ల పట్టు నేర్చుకొనుచున్నాడు. అతనికి మొదటి పాఠముగా తీగె విప్పి తీగె కట్టుట చూపితిని. గుఱ్ఱము కదలకుండ నాలుగింటిని మార్చినాడు. మిగిలిన రెండును ఈ శనివారము భజన ముగిసిన పిదప మార్చును.